భూహక్కు చట్టం రద్దయింది సరే, మరి 22ఏ సంగతేంటి?

పొలంగట్టు #1
ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం (భూహక్కు చట్టం) రద్దయిందని 2024లో ఊరంతా సంబరపడ్డాం. మన భూమి ఎవరిదో ఆఫీసరు తేల్చే రోజులు పోయాయనుకున్నాం. ఇప్పుడు చెల్లి పెళ్ళికి ఎకరం అమ్ముదామని స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కంప్యూటర్ చూసి "మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంది, కుదరదు" అన్నారు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఒక్కదానికీ జవాబు లేదు.

తాత కొన్న దస్తావేజు ఉంది. నాన్న పేర పాస్‌బుక్ ఉంది, రెవెన్యూ రికార్డులైన 1బీ, అడంగల్‌లో మా పేరే వస్తోంది. ఇదే భూమి మీద బ్యాంకులో పంట రుణం తీసుకుని తీర్చాం కూడా. మా సర్వే నంబరులో ఒక మూల కొంత చెరువు పోరంబోకు (ప్రభుత్వ భూమి) ఉంది. సబ్‌డివిజన్ చెయ్యకుండా (ముక్కలుగా విడదీసి నంబర్లు ఇవ్వకుండా) నంబరు మొత్తాన్నీ నిషేధిత జాబితాలో పడేశారని డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. తహసీల్దార్ ఆఫీసులో అడిగితే కలెక్టరేట్‌కి వెళ్ళమన్నారు. అక్కడ అడిగితే కింద నుంచి రిపోర్టు రావాలన్నారు.

ఒక చట్టం మీద అంత గొడవ చేశాం, అది పోయింది. కానీ నాకు నోటీసు కూడా ఇవ్వకుండా, నా భూమిని నేను అమ్ముకోకుండా ఆపే అధికారం చెక్కుచెదరలేదు. ఇది ఏ చట్టం? దీని మీద ఎవరూ ఎందుకు మాట్లాడరు?

చుక్కలభూమి #2
మాదీ ఇదే బాధ. నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత భూమి రిజిస్టరు) పట్టాదారు పేరు రాయాల్సిన చోట బ్రిటిషు కాలంలో ఎవరో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలు పట్టుకుని మా పొలం ప్రభుత్వానిదేమో అన్నారు. 2017లో చుక్కల భూముల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది, మేమూ దరఖాస్తు పెట్టాం. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాం.

కువైట్_కడప #3
టెన్షన్ పడకు తమ్ముడూ. ముందు ఆ జాబితాలో ఏ క్లాజు కింద పెట్టారో కనుక్కో. ఎ, బి, సి, డి, ఇ అని ఉంటాయి. నాకు తెలిసింది ఇంతే, మిగతాది లాయర్లు చెప్పాలి.

ప్లీడరు_గుమాస్తా #4
నేను చెప్తాను. ముప్పై ఏళ్ళుగా సివిల్ కోర్టు మెట్ల మీదే ఉన్నాను.

22ఏ అంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్రం చేర్చిన సెక్షన్. ఇప్పుడున్న రూపం 2007లో వచ్చింది. 'ఎ' క్లాజులో అసైన్డ్ భూముల్లాగా (ప్రభుత్వం పేదలకిచ్చినవి) చట్టమే అమ్మకం నిషేధించినవి, బీలో ప్రభుత్వ భూములు, సీలో దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, డీలో సీలింగ్ (భూపరిమితి) మిగులు భూములు ఉంటాయి. ఇ క్లాజు వేరు. ప్రభుత్వానికో స్థానిక సంస్థకో ప్రయోజనం ఉందనుకున్న ఆస్తుల్ని నోటిఫికేషన్ ఇచ్చి ఆపొచ్చు.

2007 కంటే ముందు కథ కూడా తెలుసుకోండి. రాజస్థాన్ తెచ్చుకున్న 22ఏని సుప్రీంకోర్టు 2005లో కొట్టేసింది. ప్రజా విధానానికి విరుద్ధమైన దస్తావేజులు రిజిస్టర్ చెయ్యొద్దని రాసి, ఆ విధానం ఏమిటో తేల్చే పని ప్రభుత్వం చేతిలో పెట్టారు. అంత హద్దులేని అధికారం చెల్లదని కోర్టు చెప్పింది. అందుకే మన దగ్గర క్లాజులు విడదీసి కొత్తగా రాశారు. హద్దులు కాగితం మీద బాగానే ఉన్నాయి. జాబితా తయారుచేసే చోటే వచ్చింది చిక్కంతా.

పొలంగట్టుకి: హైదరాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ 2015 డిసెంబరులో దీని మీద పెద్ద తీర్పు ఇచ్చింది. ఎ నుంచి డి వరకు గెజిట్ అక్కర్లేదు, అధికారులు జాబితా పంపితే చాలు. ఇ క్లాజుకి మాత్రం నోటిఫికేషన్ ఉండాల్సిందే. జాబితా నుంచి తీసెయ్యమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, సివిల్ కోర్టుకీ వెళ్ళొచ్చు. ఆ తలుపు మూసెయ్యలేదు.

పొలంగట్టు #5
చాలా థాంక్స్ అండీ. నాది బీ అని తెలిసింది. అంటే గెజిట్ కూడా ఉండదన్నమాట! నోటీసు లేకపోయినా చెల్లుతుందా?

ప్లీడరు_గుమాస్తా #6
జాబితాలో పెట్టే ముందు నోటీసు ఇవ్వాలని సెక్షన్‌లో రాయలేదు. మీ కోపం న్యాయమైనది. నేనైతే మొదట మార్చాల్సింది అదే అంటాను.

ఈలోగా ఒక పని చెయ్యండి. నోటిమాటగా "కుదరదు" అంటే ఊరుకుని రావద్దు. దస్తావేజు ప్రెజెంట్ చేసి, తిరస్కరిస్తే రాతపూర్వకంగా ఇమ్మనండి. రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ కారణం రాసి రెండో నంబరు పుస్తకంలో ఎక్కించాలి. మీరు అడిగితే కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటేనే పై మెట్టు ఎక్కగలరు.

తటస్థుడు #7
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. నిషేధిత జాబితా లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. చెరువులు, వాగులు, గుడి మాన్యాలు, శ్మశానాలు అన్నీ ప్లాట్లు వేసి అమ్మేసేవాళ్ళు. ఇప్పటికే సగం అమ్మేశారు. మా మామయ్య రిటైర్‌మెంట్ డబ్బంతా పెట్టి కొన్న ప్లాటు తీరా చూస్తే చెరువు శిఖం (నీళ్ళు నిలిచే చెరువు భూమి). అప్పట్లో జాబితా సరిగ్గా ఉండి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

టైట్లింగ్ చట్టం కూడా అంత దుర్మార్గమైనదేమీ కాదు. మన దేశంలో రిజిస్టర్ చేసేది లావాదేవీని, హక్కుని కాదు. ఒకే భూమిని ఇద్దరికి అమ్మినా రెండు రిజిస్ట్రేషన్లూ అయిపోతాయి. తర్వాత కోర్టులో తాతలు వేసిన కేసు మనవళ్ళు నడుపుతారు. ప్రభుత్వమే హక్కుకి పూచీ ఇస్తే తప్పేంటి? దక్షిణ ఆస్ట్రేలియాలో 1858 నుంచీ ఉన్న పద్ధతే కదా.

చుక్కలభూమి #8
తటస్థుడు గారూ, చెరువు కాపాడటానికి నా పొలం ఎందుకు బలి కావాలి? మీ మామయ్యకి అమ్మినవాడు ఎవడో వాడిని పట్టుకోండి.

నీలవేణి_టీచర్ #9
#7 తో కొంత ఏకీభవిస్తా. హక్కుకి ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వడం మంచి ఆలోచనే. కానీ ఆస్ట్రేలియా పద్ధతిలో ఆఫీసు తప్పు వల్ల నష్టపోయినవాడికి పరిహారం ఇచ్చే నిధి ఉంటుంది. తప్పు చేస్తే డబ్బు కట్టాల్సి వస్తుందంటే ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. మన దగ్గర తప్పు రాసింది వాళ్ళు, ఏళ్ళ తరబడి తిరిగేది మనం.

ప్లీడరు_గుమాస్తా #10
తటస్థుడు గారికి. నేను ఆ చట్టం ప్రతి పేజీ చదివాను. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసరు అని ఒకరు ఉంటారు. ఆయన రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కిస్తే, రెండేళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, హక్కు వాళ్ళదే అని ఖరారైపోతుంది. అభ్యంతరం ఉంటే అప్పీలు కూడా ఇంకో అధికారి దగ్గరికే. ఆ తర్వాత నేరుగా హైకోర్టులో రివిజన్. 38వ సెక్షన్‌లో సివిల్ కోర్టుల పరిధి తీసేశారు.

ఇప్పుడు ఊళ్ళో పరిస్థితి ఊహించండి. ముప్పై సెంట్లున్న రైతు, చదువు లేని ముసలమ్మ, గల్ఫ్‌లో పనిచేసే కుర్రాడు. రెండేళ్ళలోపు రిజిస్టరులో ఏముందో చూసుకోవాలి. చూసుకోకపోతే అంతే. మునసబు కోర్టు (కింది సివిల్ కోర్టు) పక్క టౌన్లోనే ఉంటుంది, సాక్షుల్ని బస్సెక్కించి తీసుకెళ్ళొచ్చు. హైకోర్టుకి వెళ్ళాలంటే ఆ రైతు ముందు పొలమే అమ్ముకోవాలి! రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు బహిష్కరించింది ఊరికే కాదు. మా ఆదాయం కోసం చేశామని అప్పుడు కొందరు అన్నారు. ఆ మాట ఇప్పటికీ బాధిస్తుంది.

కువైట్_కడప #11
గల్ఫ్ కుర్రాడు అన్నారు చూడండి, అది నేనే. రెండేళ్ళకోసారి సెలవు దొరుకుతుంది. ఆ గడువు ఉండగా ఒక్క సెలవు క్యాన్సిలైతే నా భూమి వేరేవాడిదయ్యేది.

సింహాద్రి_77 #12
అసలు చేసింది వాళ్ళే, రద్దు చేసింది మేమే. ఓట్లు ఎందుకు వేశారో గుర్తు లేదా?

బుల్లెట్_రాజా #13
రద్దు చేశారు సరే, నిషేధిత జాబితా నుంచి ఎంతమందిని బయటేశారో చెప్పు ముందు.

నిర్వాహకుడు #14
పార్టీల గొడవతో నిండిన నాలుగు పోస్టులు తీసేశాను. #12, #13 ఉంచుతున్నాను, ఇక్కడితో ఆపండి. ఇక్కడ మాట్లాడుకునేది భూమి గురించి.

ఓరుగల్లు_బిడ్డ #15
మీరంతా ఆంధ్రా సంగతి మాట్లాడుతున్నారు. తెలంగాణలో మేం పడింది ఇంకో రకం బాధ, అది కూడా వినండి.

2020లో భూమి హక్కుల రికార్డుల మీద కొత్త ఆర్‌ఓఆర్ చట్టం వచ్చింది. వీఆర్వోలను తీసేశారు. లంచాలు పోతాయని మా ఊర్లో కూడా సంతోషపడ్డరు. అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. తహసీల్దార్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అప్పుడే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు). రికార్డు క్లియర్‌గా ఉన్నోళ్ళకి నిజంగానే అరగంటలో పని అయింది, అది ఒప్పుకోవాలి.

మా నాన్న పాస్‌బుక్‌లో మాత్రం పన్నెండు గుంటలు తక్కువ పడింది. పాత పహాణీలో (ఊరి సాగు రికార్డులో) మొత్తం ఉంది, పొలంలో మొత్తం మేమే దున్నుతున్నం, కంప్యూటర్‌లో లేదు. తహసీల్దార్ పాత పహాణీ చూసి "నిజమే, మీదే" అన్నడు. కానీ సరిచేసే అధికారం ఆయనకి లేదు! తహసీల్దార్, ఆర్డీవో, జేసీ దగ్గరుండే రెవెన్యూ కోర్టులే ఎత్తేశారు. మీసేవలో టీఎం33 (ధరణిలో తప్పు దిద్దమనే దరఖాస్తు) పెట్టుకోమన్నరు. రిజెక్ట్ అని మెసేజ్ వచ్చింది. ఎందుకో రాయలేదు. రైతుబంధు కూడా ఆ పన్నెండు గుంటలు కోసి వేశారు. నాన్న ఆ మెసేజ్ పట్టుకుని ఊర్లో చదువుకున్నోళ్ళందరికీ చూపించిండు. ఎవరు ఏం చెప్తరు?

అందుకే నేననేది, ఆఫీసరుకి పవర్ ఎక్కువైతేనే కాదు, తప్పు దిద్దే పవర్ ఎవరికీ లేకుండా చేసినా అంతే నాశనం.

నీలవేణి_టీచర్ #16
#15 చదివాక మనసు కలతపడింది. మంచి పాయింటు. ఇప్పుడు ధరణి బదులు భూభారతి వచ్చాక ఏమైనా మారిందా?

ఓరుగల్లు_బిడ్డ #17
చట్టం అయితే మారింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలుపెట్టిండ్రు. అప్పీలు వ్యవస్థ మళ్ళీ వచ్చింది. ఊర్లకి గ్రామ పాలన అధికారులను కూడా పెట్టిండ్రు. ఇంకో మంచి సంగతి, బిల్లు తెచ్చే ముందు 2024 ఆగస్టులో ముసాయిదాను వెబ్‌సైట్‌లో పెట్టి జనం అభిప్రాయాలు అడిగారు. 2020లో అది జరగలేదు. మా నాన్న కాగితాలు రెవెన్యూ సదస్సులో ఇచ్చినం. చూస్తున్నం.

కౌలుదారు #18
పట్టాదారులు మీ బాధలు చెప్పుకుంటున్నారు, మా సంగతి ఎవరికీ పట్టదు. ధరణిలో అనుభవదారు (సాగు చేసేవాడి) కాలమ్ ఎత్తేశారు. దున్నేది మేము, రికార్డులో మేము ఎక్కడా లేము. పంట నష్టం వచ్చినా పట్టాదారు ఖాతాలోకే. చట్టాలు రాసేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

తటస్థుడు #19
కౌలుదారు గారు చెప్పింది నిజం. ఇదొక పెద్ద అన్యాయం.

#10 కి జవాబు. సివిల్ కోర్టు ఉంటే న్యాయం జరిగిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. ఏళ్ళ తరబడి వాయిదాలు ఎవరికి లాభం? డబ్బున్నవాడికే కదా. బక్క రైతు కోర్టులో కూడా నలిగిపోతాడు. ట్రిబ్యునల్ పెట్టి ఆరు నెలల్లో తేల్చితే మంచిది కాదా?

ప్లీడరు_గుమాస్తా #20
ఆలస్యం నిజం. దానికి మందు మరో పదిమంది జడ్జిల్ని వెయ్యడం, అంతేగానీ కోర్టు తలుపు మూసెయ్యడం కాదు. ఇంకో సంగతి. చాలా కేసుల్లో ఎదుటి పార్టీ ప్రభుత్వమే. నా భూమి చెరువుదంటున్నది రెవెన్యూ శాఖ, తీర్పు చెప్పేదీ రెవెన్యూ అధికారే అయితే నేనెవరికి చెప్పుకోవాలి? మీరు ఎంత మంచి అధికారిని ఊహించుకున్నా, ఆయన ట్రాన్స్‌ఫరు, ప్రమోషను ఆ ప్రభుత్వం చేతుల్లోనే ఉంటాయి.

2025 నవంబరు 7న బీహార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా చూడండి. మ్యుటేషన్ రుజువు తెస్తేనే రిజిస్టర్ చేస్తామని ఆ రాష్ట్రం పెట్టిన నిబంధనను కొట్టేసింది. ఆస్తి అమ్ముకునే హక్కుకి అడ్డమని స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో రిజిస్ట్రేషన్ వేరు, హక్కు వేరు అనే ఈ పద్ధతిని సంస్కరించాలని కూడా అంది. అంటే మీరు చెప్పే అవసరాన్ని కోర్టూ కాదనలేదు.

తటస్థుడు #21
ఈ తీర్పు నేను చూడలేదు, చదువుతాను. ప్రభుత్వమే పార్టీగా ఉన్నప్పుడు ప్రభుత్వ అధికారి తేల్చకూడదన్నది మాత్రం ఒప్పుకుంటున్నా.

సర్వేరాయి #22
రిటైరైన సర్వేయర్‌ని. రీసర్వే గురించి ఎవరూ ఎత్తలేదేం? 2020 డిసెంబరులో ఆంధ్రాలో మొదలైంది. డ్రోన్లు, రోవర్లు (శాటిలైట్ సాయంతో కొలిచే పరికరాలు) అన్నీ మంచివే. నేను గొలుసు పట్టుకుని గట్ల వెంట తిరిగిన రోజులతో పోలిస్తే కొలతలో ఖచ్చితత్వం ఎంతో ఎక్కువ.

కానీ కొలవడం వేరు, హద్దు తేల్చడం వేరు. గట్టు మీద ఇద్దరు రైతుల్నీ నిలబెట్టి, పాత ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) విప్పి, "ఇదిగో ఇక్కడ రాయి ఉండాలి, మీకు సమ్మతమేనా" అని అడగాలి. ఆ రాయి కదిలిపోయి ఉంటే పక్క పొలం మూల నుంచి మళ్ళీ కొలవాలి. దానికి టైము పడుతుంది. పై నుంచి రోజుకిన్ని ఎకరాలు పూర్తి చెయ్యమని టార్గెట్ పెడితే ఆ పని ఎవరు చేస్తారు? రైతు వలస వెళ్ళాడు, పొలం దగ్గర ఎవరూ లేరు, డ్రోన్‌కి కనిపించిన గట్టే హద్దు అని గీత గీసేశారు. వర్షానికి జరిగిన గట్టు, పక్కోడు జరిపిన గట్టు, అన్నీ ఒకటే దానికి.

జాయింట్ ఎల్‌పీఎం (ఉమ్మడి భూమి మ్యాపు) ఇంకో తలనొప్పి. నలుగురు అన్నదమ్ములు ఎప్పుడో పంచుకుని ఎవరి ముక్క వాళ్ళు సాగు చేసుకుంటున్నారు. కొత్త మ్యాపులో నలుగురికీ కలిపి ఒకే నంబరు ఇచ్చారు. ఇప్పుడు ఒకడు అమ్మాలన్నా, లోను తీసుకోవాలన్నా మిగతా ముగ్గురినీ బతిమాలుకోవాలి. మాటల్లేని అన్నదమ్ములుంటే ఇక చెప్పక్కర్లేదు.

నీలవేణి_టీచర్ #23
మా అమ్మది ఇదే పరిస్థితి. నాన్న పోయారు. అమ్మ పేర మార్చాలంటే జాయింట్ ఎల్‌పీఎంలో ఉన్న బాబాయిలందరూ ఆఫీసుకి రావాలన్నారు. ఒక బాబాయి రానన్నాడు. వితంతువు తన భర్త వాటా కోసం మరిది గుమ్మం దగ్గర నిలబడాలా? ఏ చట్టం రాసినవాళ్ళు ఈ దృశ్యం ఊహించి ఉంటారు?

సర్వేరాయి #24
టీచర్ గారూ, సబ్‌డివిజన్ కోసం విడిగా అర్జీ పెట్టించండి అమ్మగారితో. ఇంకో ముఖ్యమైన మాట అందరికీ. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. సర్వే పూర్తయిందని 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చాక, హద్దు తప్పని సివిల్ కోర్టులో దావా వెయ్యడానికి 14వ సెక్షన్ కింద మూడేళ్ళే గడువు. రీసర్వే అయిన ఊళ్ళవాళ్ళు తేదీ చూసుకోండి. ఆ గడువు దాటాక కోర్టుకి వెళ్ళినా కష్టమే.

కువైట్_కడప #25
ఈ మాట మా ఊళ్ళో ఒక్కరికీ తెలీదు. ఇప్పుడే వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా.

పాత_దస్త్రం #26
నేను రెవెన్యూలో పనిచేస్తున్నాను. ఎక్కడో చెప్పను. మమ్మల్ని తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ 22ఏ జాబితా ఎలా తయారవుతుందో చెప్తాను.

పై నుంచి ఆర్డరు వస్తుంది, ఇన్ని రోజుల్లో మండలంలోని ప్రభుత్వ భూములన్నీ పంపాలని. ఒక మండలంలో వేల సర్వే నంబర్లు. సబ్‌డివిజన్ రికార్డు ఉండదు, ఉన్నా అప్‌డేట్ కాదు. ఒక నంబరులో పదెకరాలుంటే అందులో ఎకరం పోరంబోకు. ఆ ఎకరం ఏ వైపుందో తెలీదు. ఇప్పుడు ఆ క్లర్కు ఏం చేస్తాడు? ప్రభుత్వ భూమి ఒక్క సెంటు వదిలేస్తే సస్పెన్షన్. పట్టా భూమి తొమ్మిదెకరాలు అదనంగా పెట్టేస్తే ఎవరూ అడగరు. అందుకే నంబరు మొత్తం రాసేస్తాడు. తీసెయ్యాలంటే మాత్రం సంతకం పెట్టాలి. సంతకం పెట్టినవాడి మీద రేపు ఏసీబీ ఎంక్వయిరీ వస్తే ఉద్యోగం పోతుంది. అందుకే ఫైలు టేబుల్ మారుతుందే గానీ కదలదు.

ఇది మా మనస్తత్వం అని తిట్టుకోండి, పర్లేదు. కానీ పెట్టడానికి బాధ్యత లేకుండా, తియ్యడానికి భయం ఉండేలా వ్యవస్థ కట్టారు. దాన్ని మార్చమని అడగండి.

పొలంగట్టు #27
మీరు చెప్పినట్టే జరిగింది మా ఊళ్ళో. లోపలి మనిషి ఇంత విడమరిచి చెప్పడం గొప్ప విషయం.

బుల్లెట్_రాజా #28
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా భయపడుతున్నాడన్నమాట.

చుక్కలభూమి #29
భయపడే ఉద్యోగి మీద జాలి ఉంది. కానీ ఆయన భయానికి జీతం వస్తుంది, నా ఎదురుచూపుకి వడ్డీ పెరుగుతుంది. రెండూ ఒకటి కాదు.

పాత_దస్త్రం #30
నిజమే. కాదనను.

ఆర్టీఐ_అన్న #31
పొలంగట్టు, సమాచార హక్కు కింద వేసెయ్. మీ సర్వే నంబరుని జాబితాలో పెట్టమని ఏ తేదీన, ఏ అధికారి, ఏ రికార్డు ఆధారంగా పంపారో ఆ లేఖ కాపీ అడుగు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు. ప్రశ్నలు అడగొద్దు, కాగితాల కాపీలు అడుగు. "ఎందుకు పెట్టారు" అంటే జవాబివ్వరు. "పెట్టిన ఫైలు నోట్ కాపీ ఇవ్వండి" అంటే తప్పించుకోలేరు.

ఇంకో మాట. 2025 నవంబరులో డేటా రక్షణ చట్టం వల్ల ఆర్టీఐలో 8(1)(జె) మారిపోయింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత వివరాలైతేనే ఆపేవాళ్ళు, ప్రజాప్రయోజనం ఉందంటే అప్పుడూ ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, కాదనొచ్చు. పక్క సర్వే నంబరు ఎవరి పేర మారిందో అడిగితే ఇదే సెక్షన్ చూపిస్తున్నారు. ప్రజాప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వొచ్చని చెప్పే 8(2) ఇంకా ఉంది, దాన్ని దరఖాస్తులోనే రాయి.

నీలవేణి_టీచర్ #32
అంటే ఒక చట్టంతో మన భూమిని ఆపుతారు, ఇంకో చట్టంతో ఎందుకు ఆపారో తెలుసుకునే దారి ఇరుకు చేస్తారు. విడివిడిగా చూస్తే ప్రతి చట్టానికీ ఏదో మంచి కారణం కనిపిస్తుంది. అన్నీ కలిసి ఒక మనిషి మీద పడినప్పుడే అసలు బరువు తెలుస్తుంది.

తటస్థుడు #33
డేటా చట్టం విషయంలో మాత్రం మీరు ఇంకోవైపు కూడా చూడాలి. నా ఆస్తి వివరాలు ఎవడు పడితే వాడు లాగేసి బ్లాక్‌మెయిల్ చేసిన సందర్భాలున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలు చెప్పారు.

ఆర్టీఐ_అన్న #34
గోప్యతని ఎవరూ వద్దనలేదు. పాత సెక్షన్‌లో గోప్యతకి రక్షణ ఉంది. కొత్తదాంట్లో తూకమే పోయింది. అదే చట్టం 17వ సెక్షన్‌లో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు కూడా ఉంది. పౌరుడి సమాచారం ప్రభుత్వం చూడొచ్చు, ప్రభుత్వ ఫైలు పౌరుడు చూడకూడదు. ఇందులో గోప్యత ఎవరికి దక్కినట్టు?

సింహాద్రి_77 #35
పార్టీ మాట ఎత్తను గానీ ఒకటి అడుగుతా. ఇవన్నీ చట్టసభలు పాస్ చేసినవే కదా. మనం ఎన్నుకున్నవాళ్ళే. ఇప్పుడు వద్దంటే ఎలా?

ప్లీడరు_గుమాస్తా #36
ఎన్నుకున్నంత మాత్రాన అడగకుండా చెయ్యమని కాదు కదా. కేంద్రం తెచ్చిన సాగు చట్టాలు చూడండి. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చాయి. రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో దాదాపు ఏడాది కూర్చున్నాక 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ముందే రైతుల్ని పిలిచి మాట్లాడి ఉంటే ఆ ఏడాది తప్పేది. బిల్లు ముసాయిదా కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్రం 2014లోనే విధానం రాసుకుంది. అది చట్టం కాదు కాబట్టి పాటించకపోయినా అడిగే దిక్కులేదు. మన రాష్ట్రాల్లో అలాంటిది చట్టంగా రావాలి.

ఓరుగల్లు_బిడ్డ #37
మా దగ్గర ముసాయిదా పెట్టి అడిగారు కాబట్టే అప్పీలు ఉండాలని చాలామంది రాయగలిగిండ్రు. నేనూ రాసిన. అడిగితే జనం చెప్తరు.

పొలంగట్టు #38
గుమాస్తా గారు చెప్పినట్టు దస్తావేజు ప్రెజెంట్ చేశాను. మొదట తీసుకోం అన్నారు. 71వ సెక్షన్ పేరు చెప్పేసరికి లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చారు. తిరస్కరణ కాగితం ఇచ్చారు. ఆర్టీఐ కూడా వేశాను. పెళ్ళికి మాత్రం బయట అప్పు తెచ్చాం, ముహూర్తం ఆఫీసుల కోసం ఆగదు.

ఇక్కడున్నవాళ్ళం కలిసి మన మన ఎమ్మెల్యేలకి ఒకే అర్జీ ఇద్దామా? నేను అనుకున్నవి: జాబితాలో పెట్టే ముందు పట్టాదారుకి నోటీసు. సర్వే నంబరు మొత్తం కాకుండా, వివాదం ఉన్న విస్తీర్ణం మాత్రమే, స్కెచ్‌తో సహా. తీసెయ్యమని అర్జీ పెడితే గడువు లోపల కారణాలతో జవాబు.

చుక్కలభూమి #39
నేను సంతకం పెడతా. మా ఊరి నుంచి ఇంకా కొందరిని తెస్తా.

పాత_దస్త్రం #40
నిజాయితీగా రికార్డు చూసి తీసేసిన అధికారికి రక్షణ ఉండాలని కూడా రాయండి. అది లేకపోతే మీ గడువు రాగానే అందరికీ "తిరస్కరించడమైనది" అని ఒకే లైను కొట్టేస్తారు.

చుక్కలభూమి #41
తప్పుగా పెట్టినవాడికీ రక్షణ ఇస్తారా?

పాత_దస్త్రం #42
ఇవ్వక్కర్లేదు. పెట్టినవాడి పేరు, హోదా జాబితాలో నంబరు పక్కనే కనిపించాలి. ఆ ఒక్క కాలమ్ పెడితే సగం నంబర్లు మా ఆఫీసు నుంచి బయటికే రావు.

తటస్థుడు #43
గడువు దాటితే దానంతటదే తొలగిపోవాలని మాత్రం రాయకండి. చెరువు భూములు కబ్జా చేసినవాళ్ళు ఫైలు తొక్కిపెట్టించి, గడువు దాటించి బయటపడతారు. దాని బదులు గడువు దాటితే ఫైలు జిల్లా జడ్జి ముందుకి వెళ్ళాలని రాయండి. అలాగైతే నేనూ సంతకం పెడతాను.

ప్లీడరు_గుమాస్తా #44
తటస్థుడు గారి సవరణ బాగుంది, అదే పెడదాం. జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళాలంటే 22ఏలోనే ఒక ఉపసెక్షన్ చేర్చాలి, జీవోతో కుదరదు. ముసాయిదా నేను రాసి ఇక్కడే పెడతాను, అందరూ చదివి దిద్దండి. ఓరుగల్లు_బిడ్డ, మీ నాన్నగారి టీఎం33 రిజెక్ట్ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఉంటే పేరు, నంబర్లు చెరిపేసి పంపండి. కారణం రాయకుండా తిరస్కరిస్తే ఎలా ఉంటుందో చూపించడానికి అర్జీకి జతచేద్దాం. కౌలుదారు గారూ, అనుభవదారు కాలమ్ గురించి ఒక పేరా మీరే రాయండి, మీ మాటల్లోనే ఉండాలి.

కౌలుదారు #45
రాస్తాను. ఈ రాత్రికి పంపిస్తా.